హమాము వెనక కుండలు

కరక్కాయ, బెల్లం, సున్నం, ఇటుక పొడి కలిస్తే గచ్చు అవుతుంది. అందులో మొదటి రెండు మాత్రమే కలిసి కుండలో ఉంటే కేసు అవుతుంది. ఈ సంగతి నాకు జమ్మలమడుగులో మా అత్తగారింట్లో తెలిసింది. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం నడుస్తున్న రోజులవి. మద్రాసుతో కలిసి ఉన్నప్పుడే మా జిల్లాలో సారాయి అంగళ్ళు మూయించారు. రాష్ట్రం విడిపోయినా ఆ మూత తియ్యలేదు. అంగడి మూస్తే తాగేవాడు మానుకుంటాడా? ఊరి బయట కంపల్లో, వంకల్లో కుండలు పాతిపెట్టి కాచుకునేవాళ్ళు. అందుకని ఎవరింట్లో కుండ మూతికి గుడ్డ కట్టి కనబడినా చూసేవాళ్ళ ముక్కు అటే తిరిగేది.

నాకు స్వతహాగా ఎవరినీ చప్పున నమ్మే గుణం లేదు. ప్రొద్దుటూరులో పుట్టినదాన్ని. బంగారం అంగళ్ళ మధ్య పెరిగితే గీటురాయి మీద రుద్దనిదే దేన్నీ ఒప్పుకోబుద్ధి కాదు. అయితే అత్తగారింటికి వచ్చాక ఈ విద్యలో నేనింకా ఓనమాల దగ్గరే ఉన్నానని అర్థమైంది. మా అత్త ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. పాలల్లో నీళ్ళు కలిపారేమోనని అందరూ అనుమానపడతారు. ఆమె నీళ్ళల్లో ఏం కలిపారోనని అనుమానపడేది. మా పెళ్ళికి ప్రొద్దుటూరు వచ్చినప్పుడు సొంత బిందెతో పెన్న నీళ్ళు తెచ్చుకుని, ఉన్నన్నాళ్ళూ అవే తాగింది. ప్రొద్దుటూరు పక్కన పారేది కూడా ఆ పెన్నేనని మా అమ్మ నవ్వితే, "పారేది పెన్నే, ముంచేది ఎవురో" అందట.

మా మామ మా వీధి చివర ఉన్న గుడికి అర్చకుడు. నా భర్త పులివెందులలో బడిపంతులు. అక్కడ ఒక గది అద్దెకు తీసుకుని వారమంతా అక్కడే ఉండేవాడు. సెలవు వస్తే బస్సెక్కి ఇంటికి వచ్చేవాడు. మిగిలిన రోజుల్లో ఇంట్లో మేం ముగ్గురమే. ఒకరిమీద ఒకరం కన్నేసి ఉంచడానికి ముగ్గురు చాలు.

ఆ ఇంటి పెరట్లో ఒక హమాము ఉండేది. గండికోటలో కిల్లేదార్లు ఉన్న కాలంలో వాళ్ళ తాలూకు ఎవరో పెద్దమనిషి కట్టించుకున్న విడిది అదంతా. విడిది కూలిపోయి, స్నానాల గది మాత్రం నిలిచింది. ఆ స్థలం కొన్న మా మామ తాత దాని పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. చిన్న గుమ్మటం కింద నాలుగు గోడలు, ఒక మూల నీళ్ళ తొట్టి, నేల కింద వేడి పారడానికి పొగబాట. బయట పొయ్యి రాజేస్తే ఆ సెగ నేల కిందుగా పోయి గోడలో ఉన్న గొట్టంలోంచి పైకి పోయేది. తొట్టిలో నీళ్ళు కాగేవి, గది నిండా ఆవిరి కమ్ముకునేది. గోడలకు పాతకాలపు గచ్చు. వేలితో తాకితే జారిపోయేది. తలదువ్వుకోవడానికి అద్దం అక్కర్లేదని పెళ్ళిళ్ళై వెళ్ళిపోయిన మా ఆడబిడ్డలు అనేవాళ్ళట. నేను కాపురానికి వచ్చేసరికి ఆ మెరుపు అక్కడక్కడ మిగిలి ఉంది, మిగతా చోట్ల పెచ్చులూడి ఇటుకలు పళ్ళు బయటపెట్టాయి.

తురకల కాలపు కట్టడంలో అర్చకుడు మడి స్నానం చేయవచ్చునా అని మా మామ తాత కాలంలోనే వీధివాళ్ళు గొణిగారు. ఆయన గోమూత్రం చల్లించి, పుణ్యాహవచనం చేయించి, గొణిగినవాళ్ళను కూడా పిలిచి భోజనం పెట్టాడు. తిన్న నోళ్ళు మూసుకున్నాయి. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ ఎవరూ వెయ్యలేదు, మా అత్త తప్ప. ఆమె మాత్రం అందులో అడుగుపెట్టేది కాదు. బావి దగ్గర చన్నీళ్ళే పోసుకునేది.

మా మామకు మోకాళ్ళు పట్టేశాయి. వాతమన్నారు. పొద్దున లేవగానే కాళ్ళు కట్టెలై ఉండేవి. హమాములో కాసేపు ఆవిరిలో కూర్చుంటే గానీ కీళ్ళు కదిలేవి కావు. కదిలితే గుడికి పోయి, కూర్చుని, లేచి, అభిషేకం చేయగలిగేవాడు. ఆ ఆవిరి ఆయనకు మందూ కాదు, సుఖమూ కాదు. దానిమీదే ఆయన గుడి నడుస్తోంది. గుమ్మటం లోపలి గచ్చు రాలిపోయి బీటలు విచ్చాక ఆవిరి నిలవడం మానేసింది. లోపల కూర్చుంటే పైనుంచి చల్లటి చుక్కలు వీపు మీద పడేవి. దాంతో నొప్పి ఇంకా ముదిరింది.

గుడి మీద కన్నేసినవాడు ఒకడున్నాడు. మా మామ చిన్నాయన కొడుకు, వరసకు నాకు చిన్నమామ. వంశపారంపర్యం తనకూ ఉందని ఆయన వాదన. మామ కాళ్ళు పట్టేసినప్పటి నుంచి రోజూ పలకరించడానికి వచ్చేవాడు. "ఎట్లుండావు అన్నా" అని అడుగుతూ చూపంతా మోకాళ్ళ మీదే పెట్టేవాడు. గుడి ధర్మకర్త ఊళ్ళో పెద్ద రైతు, కటువైన మనిషి కాదు. అయినా ఒకరోజు వచ్చి చెప్పేశాడు. "సామీ, దసరాకు దేవుడి కాడ నువ్వు కూచోని లేచే మాదిరుంటే నువ్వే. లేకుంటే మీ తమ్మునికి ఇడిసిపెట్టు. దేవునికి పూజ ఆగగూడదు గదా."

మా మామ సరేనన్నాడు. ఆయనకు గుడి తప్ప వేరే విద్య లేదు, వేరే ఊరు లేదు. గుడి పోతే ఆయన ఏమవుతాడోనని నాకు భయం వేసింది. ఎన్ని అనుమానాలు ఉన్నా ఆ ఇంట్లో నాకు మొదట ఆప్తుడైనది ఆయనే.

నా భర్తకు కొత్తవంటే మోజు. సెలవుల్లో వచ్చి, పులివెందులలో ఏదో కట్టడానికి తెచ్చిన సిమెంటు కొంచెం సంపాదించి, గుమ్మటానికి తనే మెత్తాడు. పెళ్ళికొడుకు నుదుట బొట్టులా అది బాగానే కుదిరింది. పొయ్యి రాజేసిన కొన్నాళ్ళకే ఆ సిమెంటు ముక్క చుట్టూ ఉన్న పాత గచ్చును కూడా పట్టుకుని ఊడి, మామ కూర్చునే పీట పక్కన పడింది. పీట మీద పడి ఉంటే కాళ్ళ గురించి బెంగ అక్కర్లేకుండా పోయేది. ఆరోజు చిన్నమామ వచ్చి ఆ ముక్కను చేత్తో ఎత్తి చూసి, "అయ్యో" అన్నాడు. ఆ అయ్యోలో నాకు ఆనందమే వినబడింది.

పాత గచ్చుకు పాత గచ్చే అతుక్కుంటుందని మా నాయన ప్రొద్దుటూరు నుంచి ఒక బేల్దారి మేస్త్రిని పంపాడు. ముసలాయన, ముస్లిం. అక్కడ పాత మసీదుల గచ్చు పని చేసిన చెయ్యి. పనివాడంటే వినయం ఉంటుందని మీరు అనుకుంటే ఆయన్ను చూడలేదన్నమాట. వచ్చీ రాగానే గుమ్మటం కిందకు పోయి పైకి చూసి, సిమెంటు ఎవరు మెత్తారని అడిగాడు. చెప్పాం. "ఈడ కొడుకు పంతులనిరే, ఏం చెప్తాడు పిల్లోల్లకు?" అన్నాడు. మా అత్తకు ఆ ఒక్క మాటతోనే ఆయన గిట్టకుండా పోయాడు. నా భర్తను ఎవరేమన్నా ఆమెకు పడదు, ఆ హక్కు తనకొక్కదానికే ఉందని ఆమె నమ్మకం.

తర్వాత గుడ్ల గొడవ వచ్చింది. సున్నం మెత్తడం అయ్యాక పైపూతలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి రుద్దితేనే మెరుపు వస్తుందని మేస్త్రి చెప్పాడు.

"మా ఇంట్లో గుడ్డు రాదు" అంది అత్త.

"గోడకు తినిపిస్తాం గానీ మీకు తినిపిస్తామా అమ్మా?"

"ఆ గోడల మధ్య మడిగట్టుకునే మనిషి గుళ్ళోకి పోవాల. మెరుపు లేకపోతే లేకపాయె. పెరుగు పోస్తా, మినుములు నానేసిన నీళ్ళిస్తా. గుడ్డు మాత్రం గడప దాటితే నేను ఊరుకోను."

మేస్త్రి సరేనన్నాడు. చప్పున సరేనన్నాడు కాబట్టి అత్త నమ్మలేదు. అప్పటినుంచి ఆయన వచ్చేటప్పుడు సంచిలో ఏముందో చూడమని నన్ను నిలబెట్టేది. సంచిలో తాపీ, తినడానికి రొట్టె, పొగాకు ఉండేవి. "జేబులు చూస్తివా?" అని అడిగేది. జేబులో గుడ్లు పెట్టుకుని ప్రొద్దుటూరు బస్సులో ఎవరు రాగలరు అత్తా అంటే, "తెలివి గలోడు యాడైనా పెడతాడు" అనేది.

సున్నానికి మా తాలూకాలో కరువు లేదు. రాయి అంతా సున్నపురాయే. ఇటుక పొడి కూలిన విడిది గోడల నుంచే దంచుకున్నాం. కరక్కాయలు నా భర్త పులివెందుల సంతలో కొని తెచ్చాడు. బెల్లం దగ్గరే చిక్కొచ్చింది. గచ్చుకు నల్లబెల్లం కావాలి, అదీ ఎక్కువగా. సారాయికీ కావలసింది అదే. మా వీధి అంగడివాడు నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, సామి ఇంట్లో ఏం చేస్తాండారు?" అని అడిగాడు. గోడకని చెప్పాను. "గోడకా" అన్నాడు, నమ్మినట్టు నటించడానికి కూడా ప్రయత్నించలేదు. నిల్వ లేదని చెప్పాడు. వెనక నల్లబెల్లం గంపలు నాకు కనబడుతూనే ఉన్నాయి.

చివరికి ప్రొద్దుటూరు పోయి, చెన్నూరు వైపు నుంచి వచ్చిన నల్లబెల్లం మా నాయన ద్వారా కొనుక్కుని, పాత చీరలో మూట కట్టి బస్సులో తెచ్చాను. ఎండకు మూట చెమ్మగిల్లి వాసన వేసింది. కండక్టరు నా దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చాడు. "పశువులకా?" అన్నాడు. "ఊ" అన్నాను. గోడకని చెబితే ఎవరూ నమ్మడం లేదు, పశువులకని చెబితే వెంటనే నమ్మాడు. నిజం చెప్పినప్పుడు దొంగలా, అబద్ధం చెప్పినప్పుడు దొరసానిలా కనబడడం నాకు ఆరోజే అనుభవమైంది.

మేస్త్రి కరక్కాయలు నలగ్గొట్టి, బెల్లం కలిపి, నీళ్ళు పోసి పెద్ద కుండల్లో నానబెట్టాడు. ఎండ తగలకూడదని హమాము వెనక గుంతలు తీసి కుండలను మెడల దాకా పాతాడు. మూతులకు గుడ్డలు కట్టాడు. కుక్కలు రాకుండా పైన తుమ్మకంప కప్పాడు. చూసిన మా మామ గుమ్మంలో కూర్చునే నుదురు కొట్టుకున్నాడు. "అయ్యా, తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నువ్వు కల్లు తీసేవాని మాదిరే చేస్తాండావే" అన్నాడు.

"గచ్చు నీళ్ళు పండాల సామీ. పండకుంటే సున్నం పట్టదు. ఇంగ ఎవురు ఏమనుకుంటే నాకేంది?" అన్నాడు మేస్త్రి.

ఆయనకూ అనుమానం ఎక్కువే. తన పాళ్ళు మేం నేర్చుకుంటామని భయం. కుండ మూతికి కట్టిన గుడ్డకు తనదైన ఒక ముడి వేసేవాడు. ఎవరైనా విప్పితే తెలిసిపోతుందని నాకు వినబడేలా అనేవాడు. ఆయన మమ్మల్ని కాపలా కాస్తాడు, మేం ఆయన్ను కాపలా కాస్తాం. కుండలు మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా పొంగుతున్నాయి.

కొన్నాళ్ళకు వాసన మొదలైంది. పుల్లగా, తియ్యగా, గొంతులో గీరుకునే వాసన. సాయంత్రం గాలి మళ్ళితే వీధిలోకి కూడా పోయేది. అత్త వంటింట్లో నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. మధ్యాహ్నం మేస్త్రి హమాము వెనక్కు పోయి చాలాసేపు వచ్చేవాడు కాదు. వచ్చేటప్పుడు మూతి తుడుచుకుంటూ వచ్చేవాడు. రొట్టె తిని వస్తున్నాడని నేను. "రొట్టె తినేదానికి వెనక్కెందుకు పోతాడు?" అని అత్త. తురకాయన రొట్టె మన ఎదురుగా తింటే మనకు ఇబ్బందని వెనక్కు పోతున్నాడేమో అన్నాను. "అంత మంచోడైతే ఇంగా అనుమానమే" అంది.

ఆ రోజుల్లో తాగే నీళ్ళకు మేం పెన్న ఇసుకలో తవ్విన చెలమ దగ్గరికి పోయేవాళ్ళం. వీధిలో ఆడవాళ్ళందరూ అక్కడ చేరేవాళ్ళు. పోలీసు జవాను భార్య కూడా వచ్చేది. ఆమెతో మాట్లాడవద్దని అత్త నాకు గట్టిగా చెప్పింది. "మన ఇంట్లో కుండలుండాయి. నోరు జారితే మామ గుడి పోతాది" అంది. నేను బిందె నింపుకుని తల వంచుకుని వచ్చేసేదాన్ని. చిన్నమామ మాత్రం ఆ వారంలో రెండు పూటలా వచ్చాడు. పెరట్లోకి తొంగి చూసి, "ఏందన్నా ఈ వాసన?" అన్నాడు. మామ గచ్చు సంగతి చెప్పాడు. ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు నచ్చలేదు. ఈయన పోయి ఎక్కడో ఊదుతాడని నా మనసు చెప్పింది.

చెప్పినట్టే జరిగింది. ఒక పొద్దున మద్యనిషేధం ఎస్సై ఇద్దరు జవాన్లతో తలుపు తట్టాడు. కోస్తా వైపు మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చాడు. "ఏమండీ, మీ పెరట్లో కుండలు పాతారని తెలిసిందండీ. చూడాలి" అన్నాడు. ఆ మర్యాదే నన్ను భయపెట్టింది. మా వైపు పోలీసులు తిట్టి లోపలికి వస్తే భయం ఉండదు.

జవాన్లు తుమ్మకంప లాగేశారు. కుండల మెడలు బయటపడ్డాయి. అప్పటికే గోడ మీద, వాకిట్లో వీధి వీధంతా చేరింది. చిన్నమామ అందరికన్నా ముందు నిలబడి ఉన్నాడు. ఎస్సై కుండ దగ్గర వంగి వాసన చూసి, లేచి, చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

"సారా కాచే బెల్లం ఊటండీ ఇది."

"గచ్చు నీళ్ళు" అన్నాడు మేస్త్రి. "సున్నంలో కలిపేది. ఈ సున్నం చూడు, ఈ ఇటుక పొడి చూడు."

"సున్నం ఎవరింట్లోనైనా ఉంటుంది. కరక్కాయ వేసి కాచినా సారా దిగుతుంది, మేం చూడలేదనుకున్నారా? గచ్చు అంటున్నారు, గోడకు ఒక్క పూతైనా వేశారా?"

వెయ్యలేదు. నీళ్ళు ఇంకా పండలేదు కదా. మేస్త్రి గట్టిగా అరవడం మొదలుపెట్టాడు, అది ఇంకా చెరుపు చేసింది. అరిచేవాడి దగ్గరే తప్పుంటుందని చూసేవాళ్ళు అనుకుంటారు. ఎస్సై మామ వైపు తిరిగాడు. "ఇల్లు మీ పేరున ఉంది కాబట్టి మీరు స్టేషనుకు రావాలండీ, పంతులు గారూ."

మామ గోడ పట్టుకుని లేవబోయాడు. పొద్దుటి పూట, కాళ్ళు ఇంకా కట్టెలే. సగం లేచి మళ్ళీ కూలబడ్డాడు. ఊరంతా చూస్తుండగా ఆయన లేవలేకపోవడం, చిన్నమామ గబగబా వచ్చి చెయ్యి అందించడం నా కళ్ళతో చూశాను. సారాయి కేసులో స్టేషను మెట్లెక్కిన అర్చకుణ్ణి ధర్మకర్త మళ్ళీ గర్భగుడిలోకి రానిస్తాడా? దసరా దాకా ఆగనక్కర్లేదు, ఆ పొద్దుటితోనే గుడి పోయింది అనుకున్నాను. చిన్నమామను అక్కడే కడిగేద్దామని నోరు తెరిచాను కూడా.

అప్పుడు అత్త వంటింట్లోంచి వచ్చింది. చేతిలో తన ఇత్తడి లోటా. ఆ లోటా ఆమె తప్ప ఎవరూ ముట్టకూడదు, నేను కూడా తోమకూడదు. నేరుగా హమాము వెనక్కు పోయి ఎస్సై ముందు నిలబడింది.

"అయ్యా, ఇది తాగితే మనిషికి నిషా ఎక్కుతాదా లేదా?"

"ఎక్కుతుందమ్మా. అందుకే కదా వచ్చాం."

ఆమె మేస్త్రి వైపు తిరిగి లోటా చాపింది. "నీ ముడి నువ్వే ఇప్పప్పా. ముంచి పొయ్యి."

మేస్త్రికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. బావి చేద కూడా ఆయన్ను ముట్టనివ్వని మనిషి ఆమె. ఆయనకు దాహమైతే నేను దూరం నుంచి పొయ్యవలసి వచ్చేది. "అమ్మా, ఇది తాగేది కాదు. నోరు పట్టుకపోతాది" అన్నాడు ఆయన, మొదటిసారి మెత్తగా.

"పొయ్యమంటాండా గదా."

ఆయన ముడి విప్పి, కొబ్బరి చిప్పతో ముంచి, పైనుంచి పొయ్యబోయాడు. చిప్ప అంచు లోటాకు తగిలింది. వీధంతా చూసింది. అత్త లోటా వెనక్కు తీసుకోలేదు. గోడ మీద ఎవరో "రామ రామ" అన్నారు. "వద్దండీ అమ్మగారూ" అని ఎస్సై చెయ్యి ఎత్తేసరికే ఆమె లోటా ఎత్తి, చివరి దాకా తాగేసింది.

కరక్కాయ నీళ్ళు మీరెప్పుడైనా నాలుక మీద వేసుకున్నారో లేదో. నేను ఒకసారి వేలు ముంచి చూశాను, ఒక పూటంతా నాలుక నాది కాకుండా పోయింది. ఆమె లోటాడు తాగింది. ముఖంలో ప్రతి గీతా లోపలికి లాక్కుపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు తెరవడానికి కాసేపు పట్టింది.

"ఇంగ కూచోండి. నేను తూలిందాకా కూచోండి. తూలితే ఆయన్ని కాదు, నన్ను తీసకపోండి."

ఎవరూ కూర్చోలేదు, ఎవరూ కదల్లేదు. అత్త బావి దగ్గరికి పోయి, చేదుకుని, బిందెను అంచుల దాకా నింపింది. చంకన పెట్టుకుని పెరడంతా దాటి ఎస్సై ముందుగా నడిచింది. కావాలనే ఆయన బూట్ల పక్కనుంచి నడిచింది. నీళ్ళు తొణకలేదు. వంటింటి గడప దాటి, బిందె దించిన చప్పుడు బయటికి వినబడింది. మళ్ళీ బయటికి వచ్చి రెండో బిందె నింపింది.

ఎస్సై కుండలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఆయన ముఖం కూడా లోపలికి పోయింది. జవాన్లు నవ్వు ఆపుకోవడానికి చూరు వైపు చూశారు. వచ్చినందుకు ఏదో ఒకటి చేయాలి కాబట్టి ఒక కుండ పారబోయించి, మిగతావి తొందరగా వాడెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు. పారబోసిన కుండ దగ్గర మేస్త్రి తలపట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు అది బిడ్డ పోయినంత బాధ.

ఆ మధ్యాహ్నం అత్త పడుకుని నిద్రపోయింది. పగటిపూట ఆమె నిద్రపోగా నేను ఎన్నడూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. భయం దిగినందువల్లనా, నీళ్ళల్లో ఉన్న గుణం వల్లనా అనేది నాకు ఇప్పటికీ అనుమానమే. లేచాక మామ ముందు నిలబడి, "నాకేమన్నా ప్రాయశ్చిత్తముంటే చెప్పండి" అంది. "కరక్కాయ మందు. బెల్లం దేవుని నైవేద్యం. నీళ్ళు పెన్నవి. దేనికి ప్రాయశ్చిత్తం?" అన్నాడు మామ. తర్వాత చిన్నమామ పోయి, అర్చకుడి భార్య ఎవరి చేతినుంచి ఏం తాగిందో ధర్మకర్తకు చెప్పాడు. "నీ పెండ్లాం నీకోసరం అట్ల తాగుతాదా?" అని ధర్మకర్త అడిగాడట.

నీళ్ళు పండాయి. ఎద్దు గానుగలో ఆడించి తెచ్చిన సున్నం, ఇటుక పొడి ఆ నీళ్ళతో కలిపి మేస్త్రి గుమ్మటానికి, గోడలకు మెత్తాడు. పైపూత వేసి, నున్నటి గులకరాయితో రోజుల తరబడి రుద్దాడు. అత్త పెరుగు గిన్నెలు, మినుముల నీళ్ళు గడప దగ్గర పెట్టేది, ఆయన తీసుకుపోయేవాడు. ఆయన సంచి చూడమని ఆమె నన్ను మళ్ళీ పంపలేదు. పంపకపోయినా నేను చూసేదాన్ని, అలవాటైపోయింది. పని అయ్యాక మొదటిసారి పొయ్యి రాజేసిన రోజు ఒక్క చుక్క కూడా కింద పడలేదు. మామ లోపలికి ఒకరి చెయ్యి పట్టుకుని పోయాడు, బయటికి తనంతట తాను వచ్చాడు. దసరా అన్నాళ్ళూ గుళ్ళో ఆయనే కూర్చున్నాడు, ఆయనే లేచాడు. హారతి పళ్ళెం పట్టుకుని ఆయన బయటికి వస్తుంటే నేను ఏడ్చేశాను, పొగ కళ్ళల్లో పడిందని చెప్పాను.

గచ్చు మాత్రం మెరిసింది. పెరుగుతో, మినుముల నీళ్ళతో అంత మెరుపు వస్తుందా? దీపం పెడితే గోడలో ఇంకో దీపం కనబడేది. మేస్త్రి ప్రొద్దుటూరు పోయే రోజు అత్త హమాము గడప దాటి లోపలికి వచ్చింది. నేను ఆ ఇంటికి వచ్చాక ఆమె అందులో అడుగుపెట్టడం అదే మొదలు. ఆయన బయట తాపీ కడుక్కుంటున్నాడు. ఆమె ఇప్పుడు గుడ్ల సంగతి అడుగుతుందని నేను ఎదురుచూశాను. అడగలేదు.

"గుడ్డు కలిపినాడేమో అడగవా అత్తా?" అన్నాను నేనే, మెల్లగా.

"అడగను."

"ఎందుకు?"

"ఈ మేస్త్రి వెనక్కు పోయి కుండలో నీళ్ళు తాగొస్తాండాడని చెలమ కాడ ఆ జవాను పెండ్లాంతో అన్న్యా. ఆయప్ప పని మానుకోని పోతే గుడ్డు బాధ తప్పుతాదని అన్న్యా. మీ మామ మెడకు చుట్టుకుంటాదని అన్నాక గానీ నాకు తట్టలే."

ఇన్నాళ్ళూ నేను తిట్టుకున్న చిన్నమామ నా కళ్ళ ముందు కనబడ్డాడు. "అయితే ఊదింది చిన్నమామ కాదా?" అన్నాను.

"వాడు మంచోడని నేనెప్పుడు చెప్పినా?" అంది అత్త.

తర్వాత ఆమె అరచేతిని గోడకు ఆనించింది. చెయ్యి జారింది. ఆ చేతిని మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకుంది. నేను చూస్తున్నానని గమనించి, చెయ్యి చీరకు తుడుచుకుంది.

"ఏం లేదులే, సున్నమే" అంది. బయటికి పోయి, తన లోటాలో నీళ్ళు ముంచి, మేస్త్రి చేతికిచ్చింది.